టీజా? హెరాసా?

"మామయ్యా, టీజ్ అన్నా హెరాస్ అన్నా ఏడిపించడమేగా?" అంది మొన్న మా మేనకోడలు.

ఏడిపించడమే గాని, ఆ ఏడుపులో తేడా ఉందన్నాను. టీజ్ అంటే పూర్వం ఇంగ్లీషులో ఉన్ని ఏకడం. మన ఆడవాళ్ళు వత్తులకు దూది ఏకినట్టే, పోగు పోగూ పీకి విడదీయడం. ఆ పీకుడే మాటల్లోకి దిగి, బావ మరదలిని ఆటపట్టించడం దాకా వచ్చింది. అందులో చివరకు ఇద్దరూ నవ్వాలి. ఒక్కరే నవ్వితే అది టీజ్ కాదు. హెరాస్ ఫ్రెంచి వారి సొత్తు. విసిగి వేసారేదాకా వేధించడం. దానిలో నవ్వుకు చోటు లేదు.

"మరి దారికాచి ఆడపిల్లల వెంటపడితే ఈవ్ టీజింగ్ అంటారేం?"

జవాబు తట్టలేదు. ఇది మన దేశపు ఇంగ్లీషులో చెల్లుతున్న నాణెం. నేనూ ఆ మాట రాసినవాణ్ణే. తమిళనాడు వారు 1998లో ఈ పేరుతోనే చట్టం చేసి, 2002లో తప్పు గ్రహించి హెరాస్‌మెంట్ అని దిద్దుకున్నారు. 2013లో భారత శిక్షాస్మృతిలోకి కూడా ఆ మాటే ఎక్కింది.

"అయితే నిన్న బస్సులో వాడు నన్ను టీజ్ చెయ్యలేదన్నమాట" అంది.

ఆ పిల్ల ఎందుకు అడిగిందో అప్పుడు గాని నాకు తెలియలేదు.