సమ్మతి ఏ భాషలో తీసుకున్నారో కూడా రికార్డు కావాలి

కేంద్ర ఎలక్ట్రానిక్స్, సమాచార సాంకేతిక శాఖ మంత్రి అశ్వినీ వైష్ణవ్ గారికి,



మాది కోలారు జిల్లా శ్రీనివాసపురం తాలూకా రాయల్పాడు. ఆంధ్ర సరిహద్దుకు దగ్గరి ఊరు. ఇంట్లో, మామిడి తోటలో, అంగట్లో మేం మాట్లాడుకునేది తెలుగు. బడిలో నేర్చింది, ఆఫీసు కాగితాల్లో కనిపించేది కన్నడం. అప్పు కోసం ఫోనులో యాప్ తెరిస్తే ఎదురయ్యేది ఎక్కువగా ఇంగ్లీషు.

అప్పు కావాలంటే ఆధార్, ఫొటో, బ్యాంకు ఖాతా వివరాలు ఇవ్వాలి, ఓటీపీ చెప్పాలి. అవసరంలో ఉన్న మనిషి అడిగినవన్నీ ఇస్తాడు. అవి ఎందుకు తీసుకుంటున్నారో, ఎవరి చేతికి పోతాయో, ఎన్నాళ్లు ఉంచుకుంటారో అర్థమయ్యేలా చెప్పేవారు అరుదు. కంపెనీ రికార్డులో మాత్రం అతను సమ్మతించినట్టే ఉంటుంది.

వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కని 2017లో సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం తేల్చింది. ఆ కేసు వేసిన జస్టిస్ పుట్టస్వామి మా కర్ణాటక హైకోర్టులో న్యాయమూర్తిగా పనిచేసి విరమించినవారు. తర్వాత వచ్చిన 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం మాలాంటివాళ్లకు రెండు మేళ్లు చేసింది. ఏ వివరాలు ఎందుకు తీసుకుంటున్నారో చెప్పే నోటీసును ఇంగ్లీషులోగానీ, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని 22 భాషల్లో దేనిలోగానీ చూసుకునే వీలు ఇవ్వాలంది. సమ్మతి మీద వివాదం వస్తే, నోటీసిచ్చి చట్టప్రకారమే తీసుకున్నామని రుజువు చేసే భారం కంపెనీ మీదే పెట్టింది.

ఈ రెండూ మా ఊరిదాకా చేరాలంటే మీరు మూడు పనులు చేయాలి.

మొదటిది, పిన్‌కోడ్ చూసి భాష నిర్ణయించకుండా కంపెనీలు అప్పు కోరిన మనిషినే ముందుగా అడిగేలా చూడాలి. కర్ణాటకలో ఉన్నంత మాత్రాన అందరి ఇంటి భాష కన్నడం కాదు.

రెండోది, నోటీసును వినిపించే ఏర్పాటు తప్పనిసరి చేయాలి. మాలో చాలామందికి తెలుగు మాట వచ్చు, తెలుగు అక్షరం రాదు. బొత్తిగా చదువు రాని పెద్దలూ ఉన్నారు. తెలుగు నోటీసు తెర మీద కనిపించినంత మాత్రాన వీళ్లకు ఒరిగేదేమీ లేదు.

మూడోది, అన్నిటికన్నా ముఖ్యమైనది. సమ్మతి రికార్డులో తేదీ, సమయంతోపాటు నోటీసు ఏ భాషలో ఇచ్చారో, చదివించారో వినిపించారో కూడా నమోదు చేయాలి. అది లేకపోతే అర్థమయ్యేలా చెప్పామన్న కంపెనీ మాటను ఆ చట్టం కింది డేటా పరిరక్షణ బోర్డు దేన్ని చూసి తేలుస్తుంది?

ఇది మోయలేని భారమేమీ కాదు. సూక్ష్మరుణాల ఒప్పందం రుణగ్రహీతకు అర్థమయ్యే భాషలో ఉండాలని రిజర్వు బ్యాంకు 2022లోనే ఆదేశించింది. అప్పు తీసుకోమని తెలుగులో ఫోన్ చేయగలిగినవాళ్లు, వసూలుకు వచ్చి తెలుగులో గద్దించగలిగినవాళ్లు, షరతులూ తెలుగులో చెప్పగలరు.

2025 నవంబరులో ప్రకటించిన ఆ చట్టపు నియమాల్లో కంపెనీల ప్రధాన బాధ్యతలు అమలయ్యేందుకు 18 నెలల గడువిచ్చారు. ఆ గడువు ముగిసేలోగా ఈ మూడింటినీ నియమాల్లో చేర్చండి. సరిహద్దు ఊళ్లలో మా తలిదండ్రులు తమకు తెలిసిన మాటల్లో విని, ఆలోచించుకుని, ఇష్టం లేకపోతే కాదనగలగాలి.

ఇట్లు,
రాయల్పాడు తెలుగు పౌరుడు