తాళంచెవి ఎవరి దగ్గరుంది?

కొట్టు మనదే. సరుకు మనదే. లెక్కలు మాత్రం ఎక్కడో సముద్రాల అవతలి కంపెనీ కంప్యూటర్లో! రోజూ బాగానే నడుస్తున్న ఈ ఏర్పాటు ఉన్నట్టుండి ఓ రోజు ఆగిపోతే..? చిన్న వ్యాపారులు ముందే ఆలోచించుకోవాల్సిన సంగతులివి.

ఒకప్పుడు ఏ కొట్టుకి వెళ్లినా గల్లాపెట్టె పక్కన రెండు పుస్తకాలు కనిపించేవి. ఒకటి చిట్టా, రెండోది ఆవర్జా. ఏ రోజు ఎంత అమ్మారో మొదటిదాంట్లో, ఎవరెంత బాకీ ఉన్నారో రెండోదాంట్లో. రాత్రి కొట్టు కట్టేసేటప్పుడు షావుకారు వాటిని బీరువాలో పెట్టి, తాళంచెవి మొలలో దోపుకుని ఇంటికెళ్లేవాడు.

ఇప్పుడా పుస్తకాలు లేవు. బిల్లులు ఆన్‌లైన్లో తయారవుతున్నాయి. బాకీల జాబితా గూగుల్ షీట్లో ఉంటోంది. సరుకు పంపే కంపెనీలతో ఉత్తరప్రత్యుత్తరాలన్నీ జీమెయిల్లో, ఖాతాదారుల నంబర్లు వాట్సాప్‌లో. సౌకర్యం సంగతి చెప్పక్కర్లేదు. కొట్టులో కంప్యూటర్ చెడిపోయినా లెక్కలు పోవు. పెళ్లికని ఊరెళ్లినా ఫోన్లోనే అమ్మకాలు చూసుకోవచ్చు. పైగా చాలావరకూ ఉచితం. అంతా బాగానే ఉంది. ఒక్కటే తేడా... బీరువా తాళంచెవి ఇప్పుడు షావుకారు మొలలో లేదు!

క్లౌడ్ అని పేరేగానీ అదేమీ మబ్బుల్లో ఉండదు. ఓ పెద్ద భవనం, అందులో వేల కంప్యూటర్లు, వాటికో యజమాని. మనం అక్కడ ఓ గది అద్దెకి తీసుకుని లెక్కల పుస్తకాలు దాచుకుంటున్నామంతే. యజమాని మంచివాడే కావచ్చు. కానీ ఏదో కారణంతో ఆ గదికి అతను తాళం వేస్తే పరిస్థితేమిటి?

వాడినార్‌లో ఏం జరిగింది?

సరిగ్గా అలాగే జరిగింది గుజరాత్‌లో. అదీ చిన్నాచితకా సంస్థకి కాదు. వాడినార్‌లో ఏడాదికి 2 కోట్ల టన్నుల ముడిచమురు శుద్ధి చేయగల కర్మాగారం నయారా ఎనర్జీది. దేశంలో 6 వేలకు పైగా పెట్రోలు బంకులూ ఉన్నాయి దానికి. అందులో రష్యా చమురు సంస్థ రాస్‌నెఫ్ట్‌కి 49 శాతం వాటా ఉంది. 2025 జులై 18న యూరోపియన్ యూనియన్ రష్యా మీద ప్రకటించిన కొత్త విడత ఆంక్షల్లో నయారా పేరునీ చేర్చింది. ఆ తర్వాత కొద్దిరోజులకే నయారా ఉద్యోగులకి మెయిళ్లు తెరుచుకోలేదు. మైక్రోసాఫ్ట్ తన సేవల్ని ఆపేసింది!

డబ్బు కట్టలేదా అంటే, మొత్తం ముందే కట్టామంది నయారా. తమ సమాచారం తమకే అందకుండా చేశారంటూ ఢిల్లీ హైకోర్టు గడప తొక్కింది. ఆంక్షలు పెట్టింది యూరప్. సేవలు ఆపింది అమెరికా కంపెనీ. ఇబ్బంది పడింది భారతదేశంలో నమోదైన సంస్థ. అలా ఆపాలని అమెరికా చట్టం చెప్పలేదు, భారత చట్టమూ చెప్పలేదన్నది నయారా వాదన. మొత్తానికి జులై నెలాఖరుకల్లా సేవలు తిరిగి మొదలయ్యాయి. కథ సుఖాంతమే. కాకపోతే హైకోర్టుకి వెళ్లి పెద్ద లాయర్లని పెట్టుకునే స్తోమత చమురు కంపెనీకి ఉంది. వీధి చివర బట్టల కొట్టుకి ఉంటుందా?

‘మనల్నెవరు ఆంక్షల జాబితాలో పెడతారులే’ అనుకోవచ్చు. నిజమే. కానీ ఖాతా మూతపడటానికి ఆంక్షలే రావక్కర్లేదు. ఖాతా తెరిచినప్పుడు ఇచ్చిన ఫోన్ నంబరు మారిపోయి పాస్‌వర్డ్ గుర్తులేకపోతే చాలు. పని మానేసి వెళ్లిన గుమస్తా పేరు మీద ఖాతా ఉన్నా చాలు. రెండేళ్లపాటు అసలు వాడని వ్యక్తిగత ఖాతాల్ని తొలగించే పద్ధతిని 2023 డిసెంబరులో గూగుల్ మొదలుపెట్టింది. ఇలాంటప్పుడు వెళ్లి మాట్లాడదామంటే బ్రాంచి ఆఫీసు ఉండదు, మేనేజరూ ఉండడు. తెరమీద కనిపించే ఫారం నింపి ఎదురుచూడాల్సిందే.

భవనం ఇక్కడ... చట్టం అక్కడ!

అమెజాన్ క్లౌడ్ కేంద్రం 2022లోనే హైదరాబాద్‌లో మొదలైంది. విశాఖపట్నంలో 1500 కోట్ల డాలర్లతో భారీ కేంద్రం పెడతామని 2025 అక్టోబరులో గూగుల్ ప్రకటించింది. మరి కంప్యూటర్లు మన ఊళ్లోనే ఉంటే ఇంక భయమెందుకు?

ఇక్కడే ఉంది మెలిక. భవనం మన గడ్డమీద ఉన్నా, కంపెనీ ఏ దేశానిదో ఆ దేశపు చట్టం దాని వెంటే వస్తుంది. అమెరికా 2018లో ‘క్లౌడ్ యాక్ట్’ అని ఓ చట్టం చేసింది. దాని ప్రకారం, న్యాయపరమైన ఉత్తర్వు ఉంటే అమెరికా కంపెనీలు తమ అధీనంలోని సమాచారాన్ని అక్కడి అధికారులకి అప్పగించాలి. ఆ సమాచారం ప్రపంచంలో ఏ మూల దాచినా సరే! 2025 జూన్‌లో ఫ్రాన్స్ సెనేట్ విచారణలో ఇదే ప్రశ్న వచ్చింది. ఫ్రాన్స్ పౌరుల సమాచారం అక్కడి ప్రభుత్వం అనుమతి లేకుండా అమెరికా చేతికి వెళ్లదని హామీ ఇవ్వగలరా అని సభ్యులు అడిగితే, ఇవ్వలేనని ప్రమాణపూర్వకంగా చెప్పారు మైక్రోసాఫ్ట్ ఫ్రాన్స్ ప్రతినిధి. అలాంటి సందర్భం ఇంతవరకూ రాలేదనీ అన్నారాయన.

మన ప్రభుత్వమూ కొన్ని జాగ్రత్తలు తీసుకుంది. చెల్లింపుల సమాచారమంతా దేశంలోనే దాచాలని 2018లో రిజర్వు బ్యాంకు ఆదేశించింది. కంపెనీల ఖాతాపుస్తకాల నకలు రోజూ దేశంలోని సర్వర్లలో భద్రపరచాలని 2022లో కంపెనీల నిబంధనల్ని మార్చారు. మంచి పనులే. కాకపోతే ఇవి బీరువా ఎక్కడుండాలో చెబుతాయి. తాళంచెవి ఎవరి దగ్గరుండాలన్నది వేరే లెక్క.

మన దారులు లేవా?

ఎందుకు లేవు! అసలు చాలా కొట్లలో ఇప్పటికే ఒకటుంది. అదే ట్యాలీ. బెంగళూరులో 1986లో పుట్టిన ఈ సాఫ్ట్‌వేర్ పేరు తెలియని అకౌంటెంట్ మన దగ్గర దాదాపు ఉండడు. మామూలుగా వాడితే లెక్కలన్నీ కొట్టులోని కంప్యూటర్లోనే ఉంటాయి. నెట్ లేకపోయినా తెరుచుకుంటాయి.

మెయిళ్లకీ, బిల్లులకీ అయితే తమిళనాడుకి చెందిన జోహో ఉంది. 1996లో అడ్వెంట్‌నెట్ పేరుతో మొదలై, తెన్‌కాశి లాంటి చిన్న ఊళ్లలో కూడా ఆఫీసులు పెట్టిన సంస్థ ఇది. 2025 నాటికి 12 లక్షల మంది కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల మెయిళ్లు జోహో వేదిక మీదికి మారాయి. ఇందులో గమనించాల్సిన కిటుకొకటుంది. మెయిళ్లు చూసే సంస్థ మారినా ఉద్యోగుల చిరునామాలు మారలేదు. చివర గవ్ డాట్ ఇన్, నిక్ డాట్ ఇన్ అలాగే ఉన్నాయి. రేపు ఇంకో సంస్థకి మారాలన్నా అవే ఉంటాయి. పేరు తమ చేతిలో పెట్టుకుని, పని మాత్రం బయటివాళ్లకి అప్పగించడమన్నమాట!

ఉత్తరాలు, పట్టికలు రాసుకోవడానికి లిబ్రే ఆఫీస్ చాలు. ఉచితం. ఏ ఒక్క కంపెనీ సొత్తూ కాదు. తెలుగులోనూ పనిచేస్తుంది. గూగుల్ డ్రైవ్ లాంటిది సొంతంగా కావాలంటే జర్మనీలో పుట్టిన నెక్స్ట్‌క్లౌడ్ ఉంది. సొంత కంప్యూటర్లో గానీ, మన దేశపు సంస్థ దగ్గర అద్దెకి తీసుకున్న సర్వర్లో గానీ దాన్ని పెట్టుకోవచ్చు. కాకపోతే దీనికి కాస్త కంప్యూటర్ తెలిసిన మనిషి సాయం కావాలి. ఎప్పటికప్పుడు చూసుకోకపోతే దొంగలకి తలుపు తీసిపెట్టినట్టే.

మనదైతే చాలదు

విదేశీ కంపెనీలన్నీ వదిలేసి మనవి పట్టుకుంటే సమస్య తీరినట్టేనా? అలా అనుకుంటే పొరపాటే. ‘కూ’ గుర్తుందా? ట్విటర్‌కి పోటీగా 2020లో బెంగళూరులో మొదలైంది. తెలుగులోనూ చక్కగా పనిచేసింది. మంత్రులూ, సినిమావాళ్లూ చేరారు. 2024 జులైలో మూతపడింది. స్వదేశీ అన్నంత మాత్రాన కలకాలం ఉంటుందని హామీ లేదు.

దక్షిణ కొరియాది ఇంకా పెద్ద గుణపాఠం. అక్కడ ప్రభుత్వోద్యోగుల ఫైళ్లు దాచడానికి ప్రభుత్వమే సొంతంగా ‘జీ-డ్రైవ్’ ఏర్పాటు చేసుకుంది. 2025 సెప్టెంబరు 26న డేజాన్ నగరంలోని ప్రభుత్వ కేంద్రంలో బ్యాటరీల నుంచి మంటలు లేచాయి. 858 టెరాబైట్ల సమాచారం కాలిపోయింది. వేరేచోట నకలు లేదు! సొంత భవనం, సొంత కంప్యూటర్లు, సొంత తాళంచెవి... అన్నీ ఉన్నా ఏం లాభం?

ఆస్ట్రేలియాలోని యూనిసూపర్ అనే పింఛను నిధిది దీనికి పూర్తిగా తిరగేసిన కథ. 2024 మేలో గూగుల్ క్లౌడ్‌లో జరిగిన పొరపాటుతో దాని ఖాతా మొత్తం చెరిగిపోయింది. 5 లక్షలకు పైగా సభ్యులు వారానికి పైగా తమ ఖాతాలు చూసుకోలేకపోయారు. అయినా చివరికి గట్టెక్కింది. కారణం, ముందుచూపుతో మరో సంస్థ దగ్గర నకలు దాచి ఉంచడమే.

ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే అసలు సంగతి తేలిపోతుంది. స్వదేశీయా, విదేశీయా అన్న ప్రశ్న కంటే ముందు అడగాల్సింది ఇంకొకటుంది. ‘ఈ తలుపు మూసుకుపోతే మన సరుకుతో బయటపడే దారి ఉందా?’

నిజానికి ఈ సూత్రం మనకి కొత్తేమీ కాదు. నంబరు మార్చకుండానే ఫోన్ కంపెనీ మార్చుకునే వీలు 2011లో దేశమంతటా వచ్చింది. యూపీఐలోనూ అంతే. ఒక యాప్ నచ్చకపోతే ఇంకోటి పెట్టుకుంటాం. బ్యాంకు ఖాతా మాత్రం అదే. వదిలేసి వెళ్లిపోగలమని తెలిస్తేనే ఏ కంపెనీ అయినా మర్యాదగా ఉంటుంది.

తొందరపడి అన్నీ ఒకేసారి మార్చేయడమూ తెలివైన పని కాదు. జర్మనీలోని మ్యూనిక్ నగరపాలక సంస్థ 2000ల్లో ఎంతో ఆర్భాటంగా లినక్స్‌కి మారి, మళ్లీ విండోస్‌కే వెళ్లాలని 2017లో నిర్ణయించుకుంది. అదే దేశంలోని ష్లెస్విగ్-హోల్‌స్టైన్ రాష్ట్రం మాత్రం ఒక్కో మెట్టూ ఎక్కుతూ వచ్చింది. 40 వేలకు పైగా మెయిల్ ఖాతాల్ని మైక్రోసాఫ్ట్ నుంచి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌కి మార్చే పనిని 2025 అక్టోబరుకి పూర్తిచేసింది.

ఇంట్లోనే మొదలుపెట్టొచ్చు

వేల కోట్ల సంగతి ప్రభుత్వాలు చూసుకుంటాయి. ఓ చిన్న వ్యాపారి చేయగలిగినవి ఇవీ:

* వ్యాపారం పేరుతో ఓ డొమైన్ కొనుక్కోవాలి. చివర డాట్ ఇన్ ఉన్నవి మామూలుగా ఏడాదికి వెయ్యి రూపాయల లోపే దొరుకుతాయి. అది వెబ్‌సైట్ తయారుచేసిన కుర్రాడి పేరుమీద కాకుండా యజమాని పేరుమీదే ఉండాలి. మెయిల్ చిరునామా ఆ పేరుతోనే పెట్టుకుంటే, సేవలిచ్చే సంస్థ మారినా బోర్డు మార్చక్కర్లేదు, కార్డులు అచ్చువేయించక్కర్లేదు.

* లెక్కలకి మూడు ప్రతులుండాలి. ఒకటి రోజూ వాడేది. రెండోది విడిగా హార్డ్‌డిస్కులో. మూడోది కొట్టులో కాకుండా ఇంట్లోనో, మరో సంస్థ క్లౌడ్‌లోనో. నకలు తీశాక హార్డ్‌డిస్కుని కంప్యూటర్ నుంచి ఊడదీయాలి. లేకపోతే వైరస్ వచ్చినప్పుడు రెండూ కలిసే పోతాయి.

* గూగుల్ ఖాతాలోని సమాచారమంతా ఒకేసారి దించుకోవడానికి ‘టేక్ఔట్’ అనే సదుపాయం ఉంది. మూడు నెలలకోసారైనా వాడుకోవాలి. ఖాతాదారుల పేర్లు, నంబర్లు, బాకీలు కనీసం ఓ పట్టికగా దాచుకోవాలి.

* దాచిన నకలు తెరుచుకుంటోందో లేదో అప్పుడప్పుడూ చూడాలి. అవసరమైన రోజున తెరుచుకోని నకలు ఉన్నా లేనట్టే.

* కొత్త సాఫ్ట్‌వేర్ అమ్మడానికి వచ్చినవాళ్లని ధర కన్నా ముందు ఒక్క మాట అడగాలి. ‘మానేస్తే మా లెక్కలు ఏ రూపంలో, ఎన్నిరోజుల్లో తిరిగిస్తారు?’ నీళ్లు నమిలితే ఇంకో దుకాణం చూసుకోవడమే మేలు.

* ఖాతాలు, వాటి పాస్‌వర్డులు, ఏ ఫోన్ నంబరుతో తెరిచారన్న వివరాలు ఓ పుస్తకంలో రాసి బీరువాలో పెట్టాలి. ఇంట్లో ఇంకొకరికి ఆ సంగతి తెలిసి ఉండాలి. యజమాని ఆసుపత్రిలో ఉన్నప్పుడు కొట్టు నడిపేది భార్యో, కొడుకో, కూతురో కదా!

వీటిలో ఏదీ పెద్ద ఖర్చుతో కూడిన పని కాదు. విదేశీ కంపెనీల సేవల్ని రేపే మానేయాలనీ ఎవరూ చెప్పడం లేదు. అద్దె ఇంట్లో ఉన్నంత మాత్రాన ఇంటి కాగితాలూ, నగలూ యజమాని చేతికి ఇచ్చేయం కదా. ఇదీ అంతే. ఈ ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక, కంప్యూటర్ తెలిసిన పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని మొదటి నకలు తీయించండి. చిట్టా, ఆవర్జాల కాలం ఎలా ఉండేదో ఆ పని జరుగుతుండగా వాళ్లకి చెప్పొచ్చు!