పాఠం చెప్పేవాళ్ళు మాట్లాడుకోవాలి

మన పిల్లలు యూనివర్సిటీలో సైన్స్ తీసుకున్నా, వేరే కోర్సులు కొన్ని తప్పకుండా చదవాలి. చాలామంది వాటిని పన్ను కట్టినట్టు పూర్తి చేస్తారు. తప్పు పిల్లలది కాదని నా అభిప్రాయం. ఒక క్లాసులో ఏం చెప్పారో పక్క క్లాసు చెప్పేవారికి తెలియదు.

ఎడ్మంటన్‌కు దగ్గరలో, కామ్రోస్‌లో, అల్బర్టా యూనివర్సిటీ అగస్టానా క్యాంపస్ 2017లో టర్మ్ మార్చింది. ముందు 3 వారాలు ఒకే కోర్సు, తర్వాత 11 వారాలు మిగతావి. మొదటి సంవత్సరం సెమినార్ వేరువేరు సబ్జెక్టుల అధ్యాపకులు చెప్తారు. ఇది మాట్లాడుకోకుండా బాగా జరగదు. గుడి వంటింట్లో కూడా అంతే. పులిహోర, దద్దోజనం ఎవరికివారు మొదలుపెడితే అన్నం చాలదు.

కానీ ఆ మాట్లాడుకునే గంటలకు యూనివర్సిటీ జీతం ఇవ్వాలి. ఊరికే రమ్మంటే, కాంట్రాక్టు మీద పనిచేసే అధ్యాపకులు ఎలా వస్తారు?