తిమింగలాన్ని చేప అంటే నష్టమేమిటి?

కిందటేడు మా గంగవరం ప్రాంతంలో పిల్లలకు ఒక క్విజ్ పోటీ జరిగితే చూడటానికి వెళ్లాను. "ప్రపంచంలో అతి పెద్ద చేప ఏది?" అని అడిగారు. ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకతె లేచి "తిమింగల సొర" అంది. అడిగిన పెద్దమనిషి చేతిలోని కాగితం చూసుకుని "తప్పు. తిమింగలం" అన్నాడు. అమ్మాయి మొహం చిన్నబుచ్చుకుని కూర్చుంది. పోటీ అయిపోయాక ఆయన దగ్గరికి వెళ్లి, అమ్మాయి చెప్పిందే సరైన జవాబు అన్నాను. ఆయన నవ్వేశాడు. "పోనీలే సార్, మన ఊరికి సముద్రం ఎక్కడ, తిమింగలం ఎక్కడ! చేప అంటే ఎవరికి నష్టం?"

అప్పుడు నాకు వెంటనే జవాబు తోచలేదు. ఇప్పుడు చెబుతాను.

ఆయన అన్నదాంట్లో సగం నిజమే. విశాఖపట్నం పక్కన ఇంకో గంగవరం ఉంది. దానికి సముద్రమూ ఉంది, ఓడరేవూ ఉంది. పలమనేరు పక్కనున్న మన గంగవరానికి ఉన్నవి చెరువులూ, కౌండిన్య అడవీ. సముద్రం చూడాలంటే మద్రాసు వైపు రెండు వందల కిలోమీటర్ల దాకా పోవాలి. అయినా తిమింగలం సంగతి తెలుసుకోవడానికి మన చెరువు చాలు.

మధ్యాహ్నం ఎండలో చెరువులో పడుకున్న ఎనుమును మీరు చూసే ఉంటారు. ఒళ్లంతా నీళ్లలో, ముక్కుపుటాలు మాత్రం పైన. ముక్కు మూతి చివర ఉంది కాబట్టి తల ఎత్తిపెట్టుకోక తప్పదు. తిమింగలానిదీ ఇదే అవస్థ. దానికి మొప్పలు లేవు, ఊపిరితిత్తులే ఉన్నాయి. అది పిల్లను కని పాలిస్తుంది, దాని రక్తం వెచ్చన. ఎనుముకు చుట్టమే గాని చేపకు కాదు. అయితే దాని ముక్కు నడినెత్తి మీదికి చేరింది. తల్లి కడుపులో ఉన్నప్పుడు మొదట మూతి చివరే ఏర్పడి, పిండం పెరిగేకొద్దీ పైకి జరుగుతుంది. పళ్లున్న తిమింగలాలకూ డాల్ఫిన్లకూ పైకి ఒకటే రంధ్రం కనిపిస్తుంది. పళ్లకు బదులు జల్లెడ పలకలున్న నీలి తిమింగలం వంటి వాటికి రెండు. నోటితో ఊపిరి పీల్చడం వాటికి చేతకాదు. ముక్కుదారి వేరు, మేతదారి వేరు. మనకు గబగబా తింటే పొలమారుతుంది. నీళ్లలో నోరు తెరిచి వేటాడే ప్రాణికి పొలమారితే ఏమవుతుందో ఊహించండి!

బొమ్మల పుస్తకాల్లో తిమింగలం నెత్తి మీద నీటి ఫౌంటెను గీస్తారు. అది తీసుకెళ్లి ఊపిరితిత్తుల్లో దాచుకున్న నీళ్లు కాదు. మార్గశిర మాసంలో పొద్దున్నే బడికి వస్తూ మీరు నోటితో పొగలు వదులుతూ ఆడుకుంటారే, అదే ఇది. వెచ్చని ఊపిరి చల్లగాలి తగిలి ఆవిరిబొట్లు అవుతుంది. రంధ్రం చుట్టూ ఉన్న నీటి తుంపరలు కూడా కొంచెం కలుస్తాయి.

ఆ ఒక్క ఊపిరిలో అది చేసే పని మాత్రం ఆషామాషీది కాదు. మనం మామూలుగా ఒకసారి గాలి వదిలి పీల్చినప్పుడు ఊపిరితిత్తుల్లోని గాలిలో పది పదిహేను శాతం మాత్రమే మారుతుంది. తిమింగలం ఒక్క విసురుతో ఎనభై తొంభై శాతం మార్చేస్తుంది. ఇంకో విశేషం, మునిగేటప్పుడు అది ప్రాణవాయువును ఎక్కువగా మోసుకుపోయేది ఊపిరితిత్తుల్లో కాదు. లోతుకు పోయేకొద్దీ నీటి ఒత్తిడికి ఊపిరితిత్తులు ముడుచుకుపోతాయి. ప్రాణవాయువంతా రక్తంలోనూ కండల్లోనూ ఉంటుంది. కండలో దాన్ని పట్టి ఉంచే పదార్థం పేరు మయోగ్లోబిన్. అది ఎంత ఎక్కువగా ఉంటుందంటే ఆ మాంసం నల్లగా కనిపిస్తుంది. ప్రపంచంలో మొట్టమొదట ఏ ప్రోటీను ఆకారం మనిషికి తెలిసిందో ఎరుగుదురా? ఇదే. స్పెర్మ్ తిమింగలపు మయోగ్లోబిన్ మీద ఎక్స్‌కిరణాలు ప్రసరింపజేసి జాన్ కెండ్రూ 1958లో దాని రూపం కనిపెట్టాడు, 1962లో నోబెల్ బహుమతి పంచుకున్నాడు.

నీళ్లలో ఉన్నంతసేపూ గుండె కూడా నెమ్మదిస్తుంది. 2019లో ప్రకటించిన ఒక పరిశోధనలో, మునిగిన నీలి తిమింగలం గుండె నిమిషానికి రెండుసార్లు కొట్టుకున్న సందర్భం కూడా నమోదైంది. క్యూవియర్ ముక్కు తిమింగలం ఒకటి 3 గంటల 42 నిమిషాలు పైకి రాకుండా ఉన్నట్టు 2020లో తెలిసింది. మీరు గడియారం పెట్టుకుని ఊపిరి బిగబట్టి చూడండి (నీళ్లలో వద్దు, బెంచీ మీద కూర్చుని!). నా వయసుకు నలభై సెకన్లు దాటలేదు.

ఇంతటి ఈతగాడు ఒకప్పుడు నేల మీద నడిచినవాడే. ఆ సాక్ష్యం మన దేశంలోనే దొరికింది. ఎ. రంగారావు అనే భూవిజ్ఞాని కాలాకోట్ ప్రాంతపు రాళ్లలో దొరికిన శిలాజాన్ని పరిశీలించి 1971లో దానికి ఇండోహయస్ అని పేరు పెట్టారు. పెద్ద పిల్లి అంత జంతువు, గిట్టలున్నది, నాలుగు కోట్ల ఎనభై లక్షల ఏళ్ల నాటిది. ఆయన పోయాక పగలగొట్టకుండా మిగిలిన రాళ్లను ఆయన భార్య హాన్స్ థెవిసన్ అనే శాస్త్రజ్ఞుడికి అప్పగించారు. రాళ్లు శుభ్రం చేస్తుంటే ఒక పుర్రె పొరపాటున విరిగింది. లోపల చెవి ఎముక కనిపించింది. అది తిమింగలాల్లో ఉండే తీరులోనే ఒకవైపు దళసరిగా ఉంది! ఆ సంగతి 2007లో లోకానికి తెలిసింది. ఇక మన కౌండిన్య అడవిలో తిరిగే ఏనుగుకైతే సముద్రంలో దగ్గరి చుట్టమే ఉంది, పాక్ జలసంధిలో గడ్డి మేసే డుగాంగ్. అదీ పైకి వచ్చే ఊపిరి పీల్చుకోవాలి. ఈదేటప్పుడు ఏనుగు తొండం పైకెత్తడం గుర్తు తెచ్చుకోండి.

ఇప్పుడు నష్టం సంగతికి వస్తాను. 2021 డిసెంబరులో విశాఖపట్నం దగ్గర తంతడి తీరంలో వలకు చిక్కిన ఒక భారీ తిమింగల సొరను తిరిగి సముద్రంలోకి పంపించారు. అది చేప, మొప్పల మీదుగా నీళ్లు పోతేనే బతుకుతుంది. దానికి గట్టు మృత్యువు. డాల్ఫిన్‌కు మృత్యువు నీటి కింద బిగిసిన వల. పైగా దాని ఊపిరి మనలా తనంతట తాను ఆడేది కాదు, తలచుకుని పీల్చాలి. అందుకే అది మెదడులో సగం సగంగా నిద్రపోతుంది. వలలో చిక్కిన డాల్ఫిన్ చాలావరకు నీళ్లు మింగి చావదు, ఊపిరి బిగబట్టి బిగబట్టి చస్తుంది. హిందూ మహాసముద్రంలో ట్యూనా చేపల కోసం వేసిన గిల్‌నెట్లలో 1950 నుంచి 2018 దాకా డాల్ఫిన్ల వంటి చిన్న జీవులు సుమారు 41 లక్షలు చిక్కి ఉంటాయని 2020లో ఒక అంచనా వెలువడింది. చేప వలలో చేప చావడం వింతేముంది అనుకునేవాడికి ఈ లెక్క చెప్పినా చెవికెక్కదు.

ఒడ్డుకు కొట్టుకొచ్చినవాటి సంగతీ అంతే. తమిళనాడులో మనపాడు తీరాన 1973లో 147 పైలట్ తిమింగలాలు ఒడ్డెక్కాయి. 2016 జనవరిలో మళ్లీ అదే ప్రాంతంలో 80కి పైగా వస్తే 40కి పైగా చనిపోయాయి. 2023 జూలైలో శ్రీకాకుళం జిల్లా సంతబొమ్మాళి మండలం మేఘవరం తీరానికి సుమారు 25 అడుగుల కళేబరం కొట్టుకొస్తే జనం తిరునాళ్లకు వచ్చినట్టు వచ్చారు. అది చచ్చి వచ్చింది, చేయగలిగిందేమీ లేదు. బతికి వచ్చినప్పుడు మాత్రం ఉంది. గట్టున పడ్డ తిమింగలానికి గాలికి కరువు లేదు. తన బరువే తన ఊపిరితిత్తులను నొక్కుతుంది, చర్మం కింది కొవ్వు ఒంటి వేడిని బయటికి పోనివ్వదు. చేపకు నీళ్లు కావాలని ఎవరో బిందెలతో తెచ్చి నెత్తిన గుమ్మరిస్తారు. అవి తిన్నగా ముక్కులోకి పోతాయి. తడి గుడ్డలు కప్పవచ్చు, రంధ్రం మీద మాత్రం కప్పకూడదు. తోక పట్టి లాగకూడదు. పక్కకు పడి ఉంటే బోర్లా నిలబెట్టి ఉంచాలి, జనాన్ని దూరంగా ఆపాలి, అటవీ శాఖకు కబురు పెట్టాలి.

పాకిస్తాన్ మత్స్యకారులు గిల్‌నెట్లను నీటి పైమట్టానికి రెండు మీటర్ల కిందికి దించి వేసి చూశారు. డాల్ఫిన్లు చిక్కడం బాగా తగ్గిపోయింది. 

ఆ అమ్మాయికి రావలసిన మార్కులు ఇంకా రాలేదు. నిర్వాహకులకు ఉత్తరం రాశాను.