పోయింది రీలే... విద్య కాదు!

మీ బీరువా పై అరలో పాత ఆల్బమ్ ఒకటి ఉండే ఉంటుంది. పెళ్ళి ఫోటోలు, పాప బోర్లా పడ్డప్పటివి, తిరుపతి నుంచి వచ్చాక గుండ్లతో వరసగా నిలబడ్డవి... వాటిలో ఒకటి తీసి వెనక్కి తిప్పి చూడండి. కాగితం మీద లేత అక్షరాల్లో వాలుగా 'కొడాక్' అనో 'ఫ్యూజీ' అనో కనిపించవచ్చు. ఆ రెండు పేర్లూ మన ఇళ్ళకు కొత్తవేం కావు. కలర్ ల్యాబ్‌కి పసుప్పచ్చ బోర్డుంటే కొడాక్, ఆకుపచ్చ బోర్డుంటే ఫ్యూజీ. ముప్ఫయ్యారు ఫోటోల రీలు కొనుక్కుని, ఒక్కటి కూడా వృథా కాకూడదని "కదలకండర్రా!" అంటూ పిల్లల్ని కేకలేసి, రీలు పూర్తయ్యేదాకా వారాల తరబడి ఆగి కడిగించుకున్న రోజులు మనలో చాలామందికి గుర్తే.

ఇప్పుడు రీలు పోయింది. ఫోను వచ్చింది. వంద తీస్తాం, తొంభై తుడిచేస్తాం. మరి ఆ రెండు కంపెనీలూ ఏమయ్యాయి? ఇద్దరికీ తగిలిన దెబ్బ ఒక్కటే. ఇద్దరూ కోట్లకు పడగలెత్తినవాళ్ళే. అయినా కొడాక్ 2012 జనవరిలో దివాలా రక్షణ కోసం కోర్టు మెట్లెక్కింది. ఫ్యూజీ మాత్రం ఇవాళ ఆస్పత్రి పరికరాల నుంచి ముఖానికి రాసుకునే క్రీముల దాకా తయారుచేస్తూ నిక్షేపంలా ఉంది. ఎందుకీ తేడా?

"పెద్ద కంపెనీల గొడవ మనకెందుకమ్మా!" అని పేజీ తిప్పెయ్యకండి. కొడాక్ తన వ్యాపారాన్ని పెంచుకున్నది ఆడవాళ్ళని నమ్ముకునే. జార్జి ఈస్ట్‌మన్ అనే అమెరికన్ 1888లో మొదటి కొడాక్ కెమేరాని అమ్మకానికి పెట్టాడు. కొద్దికాలానికే 'కొడాక్ గర్ల్' పేరుతో కెమేరా పట్టుకున్న అమ్మాయి బొమ్మ ఆ కంపెనీ ప్రకటనలకు గుర్తయింది. ఆ తర్వాత పిల్లల ముద్దుమురిపాలు, పండగలు, ప్రయాణాలు అన్నీ ఫోటో తీసి దాచడం తల్లి పని అన్నట్టుగా ప్రకటనలు సాగాయి. ఇంటి జ్ఞాపకాలకు కాపలా మనకి అప్పజెప్పి, ఆ కాపలాకి కావలసిన సరుకు తాను అమ్ముకుంది. కాబట్టి ఆ కథ మనకీ సంబంధించిందే.

తెలియక మునిగిందా?

కొడాక్‌కి డిజిటల్ సంగతి తెలియదని, ప్రపంచం మారిపోతుంటే నిద్రపోయిందని చాలామంది తేలిగ్గా అనేస్తుంటారు. నిజానికి ఆ సంగతి అందరికంటే ముందు తెలిసింది దానికే! 1975లో, న్యూయార్క్ రాష్ట్రంలోని రోచెస్టర్‌లో ఉన్న కొడాక్ ప్రయోగశాలలోనే, స్టీవెన్ సాసన్ అనే కుర్ర ఇంజనీరు రీలు అక్కర్లేని కెమేరా తయారుచేశాడు. సుమారు మూడున్నర కిలోల బరువు. ఒక్క ఫోటో క్యాసెట్ టేపు మీద నమోదు కావడానికి 23 సెకన్లు పట్టేది. దాన్ని మళ్ళీ టీవీలో చూసుకోవాలి. ఫోటోని టీవీలో ఎవరు చూస్తారమ్మా అని పెద్దలు పెదవి విరిచారు. పేటెంటు మాత్రం 1978లో వచ్చింది. 1981లో సోనీ కంపెనీ 'మావికా' అనే ఫిల్ము లేని కెమేరాని ప్రపంచానికి చూపించినప్పుడు కొడాక్ సొంతంగా అధ్యయనం చేయించుకుంది. ఇది ముంచుకురావడానికి ఇంకో పదేళ్ళు పడుతుందని ఆ అధ్యయనం చెప్పింది. అంటే పదేళ్ళ గడువు చేతిలో పెట్టుకుని మరీ కూర్చుందన్నమాట!

మరెందుకు కదల్లేదు? దానికి డబ్బు ఎక్కడి నుంచి వచ్చేదో చూడండి. కెమేరా ఒక్కసారే కొంటాం. రీలు ప్రతి పండక్కీ కొంటాం. ఆ రీలు కడగడానికి రసాయనాలు, ప్రింటు వెయ్యడానికి కాగితం... అన్నిటి మీదా రాబడి దానిదే. డిజిటల్ వస్తే ఇవేవీ అక్కర్లేదు. పూట పూటా పాలిచ్చే గేదెని ఎవరైనా చేతులారా తోలేసుకుంటారా? అలా అని చివరిదాకా చేతులు ముడుచుకునీ కూర్చోలేదు. 2001లో 'ఈజీషేర్' పేరుతో డిజిటల్ కెమేరాలు తెచ్చింది. 2005లో అమెరికాలో ఎక్కువ డిజిటల్ కెమేరాలు అమ్మిన కంపెనీ కొడాకే. కానీ వాటి మీద మిగిలేది తక్కువ. పైగా నాలుగేళ్ళు తిరక్కుండానే కెమేరా ఫోనులోకి దూరిపోవడం మొదలైంది.

నేను చెప్పదలచుకున్నది ఇక్కడే ఉంది. "కాలంతో పాటు మారాలి, డిజిటల్‌లోకి దూకాలి" అని మేనేజిమెంటు పాఠాలు చెప్పేవాళ్ళు ఊదరగొడుతుంటారు. కొడాక్ దూకింది, అయినా మునిగింది. ఫ్యూజీ బతికింది కేవలం డిజిటల్‌లోకి దూకినందువల్ల కాదు. తనకి వచ్చిన విద్య ఏమిటో లెక్కేసుకున్నందువల్ల.

వంటింటి లెక్క

ఫ్యూజీ 1934లో పుట్టిన జపాన్ కంపెనీ. 2000లో షిగెటాకా కొమోరి దానికి అధ్యక్షుడయ్యాడు. ప్రపంచంలో కలర్ ఫిల్ముకి గిరాకీ శిఖరానికి చేరిందీ ఆ సంవత్సరమే. అక్కణ్ణుంచి జారుడుబండే! పదేళ్ళు తిరిగేసరికి ఆ గిరాకీ పదో వంతు కూడా మిగల్లేదు. అప్పుడు ఆయన తన ఇంజనీర్ల చేత చేయించిన పని, మనం రోజూ చేసేదే. చెప్పాపెట్టకుండా చుట్టాలు దిగారనుకోండి. కూరలు లేవు. ఏం చేస్తాం? లేని వంకాయ కోసం ఏడుస్తూ కూర్చోం కదా! డబ్బాలు తీసి చూస్తాం. పప్పుంది, చింతపండుంది, పెరట్లో నాలుగు తోటకూర మొక్కలున్నాయి... పావుగంటలో విస్తరి నిండుతుంది. కొమోరి కూడా కంపెనీ డబ్బాలు తీయించాడు. మనం అమ్మే సరుకేమిటి అని కాదు, మనకు తెలిసిన పనులేమిటి అని లెక్క రాయించాడు.

తీరా చూస్తే డబ్బాల నిండా సరుకే! కలర్ ఫిల్ము అంటే మనకి ఒక గోధుమరంగు నాడా. కానీ వెంట్రుక మందం కూడా లేని ఆ పూతలో ఇరవై దాకా పొరలుంటాయి. ఆ పొరల్లో ఉండే జెలటిన్‌ని కొల్లాజెన్ నుంచి తీస్తారు. మన చర్మానికి బిగువునిచ్చేదీ కొల్లాజెనే. ఫోటో వెలిసిపోవడానికి ఒక పెద్ద కారణం గాలిలోని ఆక్సిజన్, వెలుతురు. చర్మం ముదిరి ముడతలు పడడంలోనూ వాటి పాత్ర ఉంది. ఫోటో వెలిసిపోకుండా కాపాడే రసాయనాల మీద ఆ కంపెనీ దశాబ్దాల పాటు పరిశోధన చేసి ఉంది. ఇంకేం, ఆ విద్యతోనే 2006లో చర్మ సంరక్షణ సామగ్రిలోకి అడుగుపెట్టి, 2007లో 'అస్టాలిఫ్ట్' పేరుతో క్రీములు తెచ్చింది. (ఆ క్రీము రాస్తే పదేళ్ళు తగ్గుతారని నేను చెప్పడం లేదు సుమండీ! ప్రకటనల మాటలు ప్రకటనలకే వదిలేద్దాం.)

అంతటితో ఆగలేదు. ఫిల్ముకి ఆధారంగా వాడే పారదర్శకమైన పొర, పల్చటి టీవీ తెరలకీ కంప్యూటర్ తెరలకీ పనికొస్తుందని కనిపెట్టి, దాని కోసం కొత్త ఫ్యాక్టరీలు కట్టింది. 2008లో టొయామా అనే మందుల కంపెనీని కొంది. ఎప్పటి నుంచో చేస్తున్న ఎక్స్‌రే ఫిల్ముల అనుభవంతో వైద్య పరికరాల్లో మరింత ముందుకెళ్ళింది. 2006లో 'ఫ్యూజీ ఫోటో ఫిల్మ్' అనే పేరులోంచి 'ఫోటో' అనే మాటనే తీసేసింది. డెబ్భై ఏళ్ళకు పైగా మోసిన ఇంటిపేరుని వదులుకోవడానికి ఎంత గుండె ధైర్యం కావాలో మనకి ఎవరూ చెప్పక్కర్లేదు కదూ!

కొడాక్‌కి ఈ సరుకు లేదా అంటే, భేషుగ్గా ఉంది. కానీ ఒక్కొక్కటే గుమ్మం దాటించేసింది. 1988లో అయిదు వందల కోట్ల డాలర్లకు పైగా పోసి స్టెర్లింగ్ అనే మందుల కంపెనీని కొంది. 1994కల్లా దాన్ని అమ్మేసింది. ఎన్నో ఏళ్ళుగా తనలో భాగమైన రసాయనాల విభాగాన్నీ ఆ సమయంలోనే వేరు కంపెనీగా విడదీసింది. 2007లో ఎక్స్‌రేలూ స్కానింగులకు సంబంధించిన వైద్య విభాగాన్ని అమ్మేసింది. అప్పులున్నాయి, నిజమే. ఫోటోల మీదే మనసంతా పెట్టాలనుకుంది, అదీ నిజమే. కానీ కరువు రోజుల్లో విత్తనాల గింజలు వండుకు తిన్నట్టయింది! 2013 సెప్టెంబరులో దివాలా నుంచి బయటపడింది గానీ, అది పాత కొడాక్ కాదు. ముద్రణ సామగ్రి, సినిమా ఫిల్ములు, రసాయనాలు తయారుచేసుకుంటూ చిన్నగా బతుకుతోంది.

మనుషుల లెక్క ఎవరు రాస్తారు?

ఇంతవరకూ చెప్పినదాన్నిబట్టి ఫ్యూజీకి హారతి పట్టాలని నా ఉద్దేశం కాదు. ఆ గెలుపులోనూ కన్నీళ్ళున్నాయి. 2006లో ఫోటో విభాగంలో అయిదు వేల ఉద్యోగాలు తీసేస్తున్నట్టు ప్రకటించింది. ఇక కొడాక్ సంగతి చెప్పనే అక్కర్లేదు. 1988లో ప్రపంచమంతటా సుమారు 1,45,000 మంది పనిచేసిన కంపెనీ అది. 2003 నుంచి దివాలా నాటికి 13 ఫ్యాక్టరీలు, 130 ల్యాబులు మూసి, 47,000 మందిని ఇంటికి పంపింది.

ఈ లెక్కల్లోకి ఎక్కనివాళ్ళు మన ఊళ్ళలో ఉన్నారు. మెయిన్ రోడ్డులో స్టూడియో పెట్టుకుని, చీకటిగదిలో ఎర్రబల్బు కింద కళ్ళు పాడుచేసుకున్న ఫోటోగ్రాఫర్లు. కలర్ ల్యాబుల్లో నెగెటివ్‌లు సరిచూసి, ప్రింట్లు కత్తిరించి, మన పేరు రాసిన కవర్లలో సర్ది ఇచ్చిన అమ్మాయిలు. మనిషి ముఖంలో పసుపు కాస్త ఎక్కువైతే దేన్ని తగ్గించాలో ఒక్క చూపుతో చెప్పగలిగినవాళ్ళు! వాళ్ళది విద్య కాదా? కంపెనీ తన రసాయనాల్లో విద్యను వెతుక్కుంది. తన మనుషుల్లో మాత్రం అంత ఓపిగ్గా వెతకలేదు. కంపెనీ దగ్గర పదేళ్ళు ఆగడానికి డబ్బుంది. ల్యాబు అమ్మాయి దగ్గర వచ్చే నెల అద్దెకు కూడా ఉండదు.

ఈ మాట ఇప్పుడెందుకంటే, ఫోటోలతో ఆగే వ్యవహారం కాదు ఇది. బ్యాంకులు, దుకాణాలు, ఆఫీసులు, అన్నిట్లోనూ కొత్త యంత్రాలు వస్తున్నాయి. కృత్రిమ మేధ అని కొత్తగా మరోటి వచ్చి కూర్చుంది. "కంపెనీ మారుతోంది, మీరు అక్కర్లేదు" అన్న మాట రేపు మన ఆయనకి రావచ్చు, ఎల్లుండి మన అమ్మాయికి రావచ్చు. మారవద్దని ఎవరూ అనరు. రీలు మీద ప్రేమతో ఫోను పారేస్తామా ఏమిటి? కానీ మనిషిని పంపించే ముందు, ఆ మనిషికి ఏమేం వచ్చో ఒకసారి లెక్క రాయండి, కొత్త పని నేర్చుకోవడానికి కాస్త వ్యవధి, జీతం ఇవ్వండి అని గట్టిగా అడగాలి. అది దయ కాదు, సంస్థ ధర్మం. ఫ్యూజీ తన డబ్బాల్ని వెతుక్కున్న శ్రద్ధలో సగం చూపినా చాలు.

ఆ లెక్క మనమూ రాసుకోవాలి. "డిగ్రీ చదివి ఏం లాభం, పదిహేనేళ్ళుగా ఇంట్లోనే ఉన్నాను, నాకేం వచ్చు?" అనే మాట ఎందరి నోటో వింటుంటాం. మనల్ని మనం ఉద్యోగం పేరుతో కొలుచుకుంటున్నాం, కొడాక్ తనని రీలుతో కొలుచుకున్నట్టే. కొద్దిపాటి జీతంతో నెల నెట్టుకురావడం, నలుగురు నాలుగు మాటలన్నా ఇల్లు చెదరకుండా చూడటం, పెళ్ళికి రెండొందల మందికి సామాన్లు అంచనా కట్టడం... ఇవి పేరు లేని విద్యలు. పేరు లేనంత మాత్రాన లేనట్టు కాదు. కాగితం తీసుకుని రాస్తే తప్ప మనకే తెలియదు ఎన్ని ఉన్నాయో.

సరుకుకి కాలం చెల్లుతుంది. దాన్ని తయారుచేసిన చేతికి చెల్లాల్సిన పని లేదు. ఈ తేడా తెలిసిన కంపెనీ నిలబడుతుంది, తెలిసిన మనిషీ నిలబడుతుంది. తెలిసీ తన మనుషుల్ని రీలు డబ్బాల్లా చెత్తబుట్టలో వేసే కంపెనీ ఎన్ని లాభాలు చూపించినా, దాన్ని గెలిచిందని మాత్రం నేను అనను. మీరేమంటారు?