చలికాలపు గుట్టబాట

తెలుగులో మంచు అన్న మాటకు రెండర్థాలున్నవి. హిమాలయాలలో కాలు దిగబడే మంచు వేరు, జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి ప్రాంతాలలో తెల్లవారి గడ్డిమీద మెరిసే మంచు వేరు. ఈ రెండవదాన్ని తేలికగా చూడరాదు. పుష్యమాసపు ఉదయాన రేగొండ మండలంలోని పాండవుల గుట్టల నెక్కేవారికి ఆ కొద్ది తడే పరీక్ష. ఇసుకరాతి పలకలపై కాలు జారుతుంది. ఎండుగడ్డి కప్పిన సందులలో అడుగెక్కడ పడునో తెలియదు. పొద్దు బారెడెక్కి రాయి ఆరినాక బయలుదేరడమే వివేకం.

అంత శ్రమకూ ఫలమున్నది. 1990లో వెలుగులోకి వచ్చిన ప్రాచీన చిత్రాలు అక్కడి గుహలలో ఉన్నవి: అడవిదున్న, పులి, విల్లంబులు, ఎరుపు, పసుపు, తెలుపు రంగులలో. విహారయాత్ర అనగానే జంతుప్రదర్శనశాలకు పరుగెత్తే పాఠశాలలకు ఇవి గుర్తు రావు. ప్రమాదమని ఉపాధ్యాయులు జంకుతారు. ఆ జంకు అకారణం కాదు. కాని 2014 మే 25న, పదమూడేళ్ళ ప్రాయాన ఎవరెస్టు నెక్కిన మలావత్ పూర్ణ శిలారోహణలో ఓనమాలు దిద్దినది జనగామ దారిలోని భువనగిరి కొండమీదనే గదా!

పిల్లలను తీసుకుపోవలసిందే. పదిమందికి ముందొక ఉపాధ్యాయుడు, వెనుకొకరు నడవాలి. జేబులలోని సుద్దముక్కలు, మేకులు మాత్రం గుట్ట క్రిందనే తీసిపెట్టించాలి.