మత్తు విముక్తి: చట్టం ఆగిన చోట సమాజం మొదలుకావాలి

ఏటా జూన్ 26న దేశమంతటా ర్యాలీలు సాగుతాయి. విద్యార్థులు ప్రతిజ్ఞలు చేస్తారు, పట్టుబడిన గంజాయిని తగులబెడతారు. మాదకద్రవ్యాల దుర్వినియోగం, అక్రమ రవాణాలకు వ్యతిరేకంగా ఒక దినం ఉండాలని ఐక్యరాజ్యసమితి సాధారణ సభ 1987లో నిర్ణయించిన నాటినుంచి ఈ ఆనవాయితీ కొనసాగుతోంది. అయితే జూన్ 27న ఏం జరుగుతున్నదన్నదే అసలు ప్రశ్న. మత్తుకు బానిసైన కుమారుణ్ణి ఎక్కడికి తీసుకుపోవాలో తెలియని తల్లికి ఆ ఊరు ఏం చెబుతున్నది? చికిత్స ముగించుకొని ఇల్లు చేరిన యువకుణ్ణి ఆ వీధి ఎలా చూస్తున్నది? విముక్తి సాధ్యమా కాదా అన్నది ఈ ప్రశ్నలకు లభించే సమాధానంపైనే ఆధారపడి ఉంది.

లెక్కలు చెబుతున్నదేమిటి?

పిల్లల్లో మత్తు వాడకంపై జాతీయ స్థాయి సర్వే జరపాలని, బచ్‌పన్ బచావో ఆందోళన్ వేసిన వ్యాజ్యంలో 2016 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆదేశించింది. కేంద్ర సామాజిక న్యాయ మంత్రిత్వ శాఖ తరఫున ఢిల్లీలోని ఎయిమ్స్ నిర్వహించిన సర్వే నివేదిక 2019లో వెలువడింది. రెండు లక్షలకు పైగా కుటుంబాలను కలిసి రూపొందించిన ఆ నివేదికే నేటికీ విధాన చర్చలకు ఆధారంగా నిలుస్తోంది. దాని ప్రకారం 10 నుంచి 75 సంవత్సరాల మధ్య వయస్కుల్లో మద్యం సేవించేవారు 14.6 శాతం, అంటే దాదాపు 16 కోట్ల మంది. గంజాయి, భంగు వంటివి వాడేవారు సుమారు 3.1 కోట్లు, నల్లమందు, హెరాయిన్, నొప్పి నివారణ మాత్రలు వంటి ఓపియాయిడ్లు వాడేవారు సుమారు 2.26 కోట్లు. ఈ చివరి వర్గంలో సహాయం అవసరమైనవారే దాదాపు 77 లక్షలు. జిగురు, థిన్నరు వంటివాటిని పీల్చే అలవాటు పెద్దలకంటే పిల్లల్లోనే అధికంగా ఉండడం మరింత ఆందోళన కలిగించే అంశం.

ఈ అంకెలకంటే గంభీరమైన అంకె మరొకటి ఉంది. మద్యానికి పూర్తిగా బానిసలైనవారిలో ఏదో ఒక చికిత్స పొందగలిగినవారు 38 మందిలో ఒక్కరే. నిషిద్ధ మాదకద్రవ్యాలకు బానిసలైనవారిలో 20 మందిలో ఒక్కరు. ఇతర దీర్ఘవ్యాధుల విషయంలో ఇంతటి అంతరాన్ని ఏ సమాజమూ సహించదు. మత్తు వ్యసనాన్ని వ్యాధిగా గాక నడవడిక లోపంగా చూసే దృష్టే ఈ ఉపేక్షకు మూలం.

సరఫరా ఒకవైపు, అవసరం మరొకవైపు

తాలిబన్ల నిషేధం తరువాత అఫ్గానిస్థాన్‌లో గసగసాల సాగు 2023లో దాదాపు 95 శాతం తగ్గినట్లు ఐక్యరాజ్యసమితి మాదకద్రవ్యాలు, నేరాల నివారణ కార్యాలయం అంచనా వేసింది. అదే ఏడాది మయన్మార్ నల్లమందు ఉత్పత్తిలో ప్రపంచంలో మొదటి స్థానానికి చేరింది. ఒకచోట మూతపడిన మార్గం మరొకచోట తెరుచుకుంటుందనడానికి ఇదే నిదర్శనం. మన రాష్ట్రాల అనుభవమూ భిన్నమైనది కాదు. 2021లో ఆంధ్రప్రదేశ్ పోలీసులు చేపట్టిన ‘ఆపరేషన్ పరివర్తన’లో విశాఖ మన్యంలో వేల ఎకరాల గంజాయి తోటలు ధ్వంసమయ్యాయి, 2022 ఫిబ్రవరిలో దాదాపు రెండు లక్షల కిలోల గంజాయిని అనకాపల్లి వద్ద దహనం చేశారు. అనంతరం ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ ‘ఈగల్’ పేరిట ప్రత్యేక విభాగాలను ఏర్పాటు చేసుకున్నాయి. ఇవి అవసరమైన చర్యలే. కానీ సరకు దొరకని నాడు బానిసైన వ్యక్తి మానేస్తాడన్న హామీ లేదు. మరింత ప్రమాదకరమైన దానికి మళ్ళే అవకాశమే ఎక్కువ. చికిత్స అందుబాటులో ఉన్నప్పుడే సరఫరాపై పోరు ఫలిస్తుంది.

చట్టంలో ఉన్నా జనానికి తెలియని ద్వారం

1985 నాటి మాదకద్రవ్యాల నియంత్రణ చట్టం కఠినమైనదని అందరికీ తెలుసు. అందులోని 64ఏ సెక్షన్ సంగతి మాత్రం కొద్దిమందికే తెలుసు. మాదకద్రవ్యం వాడినందుకో, స్వల్ప పరిమాణంలో కలిగి ఉన్నందుకో అభియోగం ఎదుర్కొంటున్న బానిస, స్వచ్ఛందంగా ప్రభుత్వ లేదా గుర్తింపు పొందిన కేంద్రంలో చికిత్సకు ముందుకు వచ్చి దాన్ని పూర్తిచేస్తే, ఆ అభియోగంపై ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ లభిస్తుంది. చికిత్సను మధ్యలో వదిలివేస్తే ఆ రక్షణను ఉపసంహరించవచ్చు. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017 సైతం మద్యం, మాదకద్రవ్యాల దుర్వినియోగంతో ముడిపడిన మానసిక స్థితులను తన పరిధిలోకి తీసుకుంది. అంటే చట్టం దృష్టిలో వీరు చికిత్సకు అర్హులైన రోగులు కూడా.

గ్రామాల్లో ఈ విషయం చెప్పేవారు ఎవరు? కుమారుడి జేబులో పొట్లం కనిపించిన తల్లికి ముందుగా కలిగే భయం పోలీసు కేసు గురించే. ఫోను నంబర్ల గందరగోళం ఆ భయాన్ని మరింత పెంచుతోంది. జాతీయ స్థాయిలో 1933, తెలంగాణలో 1908, ఆంధ్రప్రదేశ్‌లో 1972 ప్రధానంగా మాదకద్రవ్యాల సమాచారం అందించడానికి ఉద్దేశించినవి. సలహా, చికిత్సకు మార్గదర్శనం కావలసినవారికి సామాజిక న్యాయ మంత్రిత్వ శాఖ నిర్వహించే 14446 ఉంది. నేర సమాచారానికి ఒకటి, వైద్య సహాయానికి మరొకటి అన్న తేడాను ప్రతి పాఠశాల గోడపైనా, ప్రతి ఆరోగ్య ఉపకేంద్రంలోనూ స్పష్టంగా రాసి ఉంచడం పెద్ద ఖర్చుతో కూడిన పని కాదు. సహాయం కోరడమంటే కన్నబిడ్డను పట్టివ్వడమేనన్న భయం తొలగనిదే ఏ కుటుంబమూ ముందుకు రాదు.

మూడు అనుభవాలు, మూడు పాఠాలు

సమాజం కదిలితే ఏమి సాధ్యమో తెలుగువారికి కొత్తగా చెప్పనవసరం లేదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో, అక్షరాస్యత తరగతుల్లో కూర్చున్న స్త్రీలు తమ బతుకులను తామే చదువుకున్నారు. సారా దుకాణాన్ని మూయించారు. రోసమ్మ పేరుతో గుర్తుండిపోయిన ఆ ఉద్యమం ఊరూరా పాకి, 1993లో సారా నిషేధానికీ, 1995లో సంపూర్ణ మద్యనిషేధానికీ దారితీసింది. సంపూర్ణ నిషేధం 1997 నాటికే సడలిపోయింది. ఆదాయ నష్టం, అక్రమ రవాణా అందుకు ప్రధాన కారణాలుగా చెబుతారు. మరో లోపం అంతగా చర్చకు రాలేదు. తాగుడు మానలేని పురుషులకు వైద్యం అందించే వ్యవస్థ ఆ ఉద్యమంతోపాటు ఎదగలేదు. దుకాణానికి తాళం పడింది గానీ వ్యసనానికి మందు దొరకలేదు.

రెండవ అనుభవం తమిళనాడుది. చెన్నైలో 1980లో శాంతి రంగనాథన్ నెలకొల్పిన టి.టి. రంగనాథన్ క్లినికల్ రీసెర్చ్ ఫౌండేషన్, నగరంలోని ఆసుపత్రికి రాలేని పేదల కోసం మంజక్కుడి అనే గ్రామంలో పదిహేను రోజుల చికిత్సా శిబిరాలు నిర్వహించింది. స్థానిక సంస్థలు వసతిని, భోజనాన్ని సమకూర్చాయి. రోగికి ఇచ్చినంత ప్రాధాన్యమే భార్యకూ, కుటుంబానికీ ఇచ్చి వారితో వేరుగా సమావేశాలు జరిపారు. శిబిరం ముగిసిన తరువాత కూడా రోగులను క్రమం తప్పక కలుసుకున్నారు. సొంత ఊరివారి కళ్ళెదుటే చికిత్స జరగడంవల్ల, కోలుకున్న మనిషిని ఆ ఊరే కనిపెట్టుకొని ఉంటుందన్నది ఈ పద్ధతిలోని కీలకం.

మూడవది మణిపూర్‌ది. 1970ల చివర అక్కడి స్త్రీలు మద్యానికి వ్యతిరేకంగా ‘నిషా బంద్’ పేరిట రాత్రివేళల్లో పహరా కాశారు. వారే తరువాత కాగడాలు చేబూనిన ‘మైరా పైబీ’లుగా ప్రసిద్ధికెక్కారు. ఇంతలో సరిహద్దు దాటి వచ్చిన హెరాయిన్ యువతను కబళించింది. సూదుల ద్వారా హెచ్‌ఐవీ వ్యాపించింది. జైలు, బెదిరింపు వాడకందారులను చీకట్లోకే నెట్టాయి. శుభ్రమైన సూదులు అందించడం, నోటిద్వారా తీసుకునే బ్యూప్రినార్ఫిన్ వంటి మందులతో చికిత్స చేయడం, ఆ దారిలో నడిచివచ్చినవారే కార్యకర్తలుగా మారడం పరిస్థితిని మార్చాయి. 2021 నాటి జాతీయ నిఘా సర్వేలోనూ దేశంలో సూదులద్వారా మత్తు తీసుకునేవారిలో హెచ్‌ఐవీ సుమారు 9 శాతంగా నమోదైంది. అందువల్ల ఈ కృషి నేటికీ అనివార్యమే.

నివారణలో ఏది పనిచేస్తుంది?

బడిలో ఒక పూట భయపెట్టే ఉపన్యాసం ఇప్పించి బాధ్యత తీరిందనుకోవడం సర్వసాధారణమైపోయింది. ఐక్యరాజ్యసమితి కార్యాలయం, ప్రపంచ ఆరోగ్య సంస్థ కలిసి 2018లో వెలువరించిన నివారణ ప్రమాణాలు దీన్ని ప్రోత్సహించడం లేదు. కేవలం సమాచారం ఇవ్వడం, భయాన్ని రేకెత్తించడం, ఒకప్పటి వాడకందారులచేత పిల్లలకు తమ కథ చెప్పించడం వంటివి ఫలితమివ్వవనీ, కొన్నిసార్లు బెడిసికొట్టవచ్చనీ అవి హెచ్చరిస్తున్నాయి. తల్లిదండ్రులకు పెంపకపు మెళకువలు నేర్పడం, పిల్లలు స్నేహితుల ఒత్తిడిని కాదనగల నేర్పును పదేపదే సాధన చేయించడం, చదువు మధ్యలో ఆగిపోకుండా చూడడం ఫలిస్తున్నాయి.

ఇక్కడొక సూక్ష్మాన్ని గమనించాలి. కోలుకున్న వ్యక్తి తరగతి గదిలో ప్రసంగించడంకంటే, మానుకోవాలని తపిస్తున్న మరొకరి పక్కన కూర్చోవడం ఎంతో మేలు చేస్తుంది. 1950ల నుంచి భారత్‌లో ఉన్న ఆల్కహాలిక్స్ అనానిమస్ బృందాల బలమంతా అందులోనే ఉంది. ప్రభుత్వం నెలకొల్పుతున్న, తోటి యువతే నడిపే కేంద్రాల ఉద్దేశమూ అదే. 2020 ఆగస్టు 15న 272 జిల్లాల్లో ఆరంభమై తరువాత దేశమంతటికీ విస్తరించిన ‘నషా ముక్త్ భారత్ అభియాన్’ కోట్లాది మందికి సందేశం చేర్చింది. సందేశం విన్నవారికి సమీపంలోనే చికిత్స దొరకాలి. పంజాబ్ 2017లో ప్రారంభించిన ఔట్‌పేషెంట్ క్లినిక్‌లు ఆ దిశగా ఒక ఉదాహరణ. రోగి ఇంటివద్దే ఉండి, పనికి పోతూనే వైద్యుల పర్యవేక్షణలో మందు తీసుకోగలుగుతున్నాడు.

తిరిగి వచ్చినవాడికి చోటు

చికిత్స తరువాతి తొలి నెలలే అత్యంత ప్రమాదకరమైనవి. కొంతకాలం మానేసిన శరీరానికి పాత మోతాదును తట్టుకునే శక్తి ఉండదు. ఓపియాయిడ్ల విషయంలో ఒక్కసారి మళ్ళీ తీసుకున్నా ప్రాణం పోవచ్చు. కనుక మళ్ళీ అలవాటులో పడినవాణ్ణి నిందించి వెళ్ళగొట్టడమంటే మృత్యుముఖంలోకి నెట్టడమే. వైద్యులు దీన్ని వ్యాధి తిరగబెట్టడంగా చూస్తారు. కుటుంబమూ, ఊరూ అలా చూడడం నేర్చుకోవాలి. ఇదే అదనుగా గుర్తింపులేని కొన్ని కేంద్రాలు బంధించడాన్నీ, కొట్టడాన్నీ చికిత్సగా చలామణీ చేస్తున్నాయి. నమోదు పత్రం, వైద్యుడి హాజరు ఉన్నాయో లేదో అడిగి తెలుసుకోవడం కుటుంబాల హక్కు. తనిఖీ చేయడం జిల్లా యంత్రాంగం విధి. మహిళలకు తగిన కేంద్రాలు బహు స్వల్పమన్నదీ విస్మరించరాదు. పురుషులకంటే స్త్రీలలో వాడకం తక్కువే అయినా అపకీర్తి భారం రెట్టింపు.

ఊరు చేయవలసినది మహత్కార్యమేమీ కాదు. స్వయం సహాయక సంఘాలు, ఆశా కార్యకర్తలు, ఉపాధ్యాయులు సమీప చికిత్సా కేంద్రం వివరాలను చేతిలో ఉంచుకోవాలి. కోలుకున్నవాడికి మునుపటి పనిని తిరిగి ఇచ్చే మేస్త్రీ, దుకాణదారు ముందుకు రావాలి. వారానికొక సాయంత్రం పంచాయతీ గదిని కోలుకుంటున్నవారి సమావేశానికి ఇవ్వాలి. ప్రభుత్వం సైతం తన ప్రగతిని ర్యాలీలో నడిచినవారి సంఖ్యతో కొలవడం మానాలి. చికిత్సలో చేరినవారెందరు, ఏడాది తరువాత కూడా దానికి అంటిపెట్టుకొని ఉన్నవారెందరు అన్న లెక్కను జిల్లాలవారీగా ప్రకటించాలి. 38 మందిలో ఒక్కరు అన్న అంకె మారినప్పుడే జూన్ 26 ప్రతిజ్ఞకు అర్థం ఉంటుంది.